కాలువ కట్టేముందు వాన లెక్క మార్చండి: నగరాభివృద్ధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నగరాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

నగరం ముంపునకు గురైన ప్రతిసారీ వెలువడే ప్రభుత్వ ప్రకటనల్లో రెండు విషయాలు తప్పకుండా ఉంటాయి. ఇంతటి వర్షాన్ని ఎవరూ ఊహించలేదన్నది మొదటిది. వాననీటి కాలువల విస్తరణకు కొత్తగా నిధులు మంజూరు చేస్తున్నామన్నది రెండోది. ఆ నిధులతో కట్టబోయే కాలువను ఎంత వానకు తట్టుకునేలా రూపొందిస్తున్నారన్న ప్రశ్నకు మాత్రం వాటిలో జవాబు కనిపించదు. ఆ జవాబు కోరుతూ మీకు ఈ లేఖ రాస్తున్నాను.

కాలువ వెడల్పయినా, గొట్టం వ్యాసమయినా, కల్వర్టు ఎత్తయినా గంటకు ఇన్ని మిల్లీమీటర్ల వాన పడుతుందన్న ఒక అంకె మీదనే ఆధారపడి ఉంటాయన్నది మీ ఇంజనీర్లకు తెలియని సంగతి కాదు. ఆ అంకెను గడచిన దశాబ్దాల వర్షపాత రికార్డుల నుంచి తీస్తారు. ఇదివరకు కురిసినట్టే ఇకముందూ కురుస్తుందన్న నమ్మకం దాని వెనుక ఉంది. ఆ నమ్మకానికి ఇప్పుడు ఆధారం లేదు. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే అది దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. 1850–1900 మధ్యకాలంతో పోలిస్తే 2011–2020 దశాబ్దంలో భూతలపు సగటు ఉష్ణోగ్రత దాదాపు 1.1 డిగ్రీలు పెరిగిందని వాతావరణ మార్పులను అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం ఐపీసీసీ లెక్కగట్టింది. ఏడాది మొత్తం వర్షపాతం పెద్దగా పెరగకపోయినా కొద్ది గంటల్లో కుండపోతగా కురిసే వాన తీవ్రం కావచ్చు. కాలువ పొంగేది ఆ కొద్ది గంటల్లోనే.

వందేళ్లకోసారి వచ్చే వాన అన్న మాట సమీక్షా సమావేశాల్లో ఊరట కలిగించేదిగా వినిపిస్తుంది. దాని అసలు అర్థం ఏ ఏడాదైనా అలాంటి వాన రావడానికి 1 శాతం అవకాశం ఉందని మాత్రమే. ఆ లెక్కన 50 ఏళ్లు నిలవవలసిన కాలువ తన జీవితకాలంలో ఒక్కసారైనా ఆ వానను ఎదుర్కొనే అవకాశం సుమారు 40 శాతం. వాతావరణం మారి అదే వాన సగటున 50 ఏళ్లకోసారి రావడం మొదలుపెడితే ఆ అవకాశం 64 శాతానికి చేరుతుంది. నిర్మాణంలో ఏ లోపమూ లేకపోయినా, గుత్తేదారు ఎంత నిజాయతీపరుడైనా, ఆ కాలువ మునుపటి రక్షణ ఇవ్వలేకపోతుంది.

2005 జూలై 26న ముంబైలోని శాంతాక్రజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వాన పడింది. నగరంలోని పాత కాలువలను గంటకు 25 మిల్లీమీటర్ల వానకే రూపొందించారు. 2021 సెప్టెంబరు 1న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో సుమారు 80 మిల్లీమీటర్లు కురిస్తే, అక్కడి కాలువలు తట్టుకోగలిగింది సుమారు 44 మిల్లీమీటర్లు. ఖజానా నిండుగా ఉన్నంత మాత్రాన పాత అంకె నుంచి తప్పించుకోలేమని ఈ రెండో ఉదాహరణ చెబుతోంది.

అంకెను పెంచడంతోనే పని పూర్తవుతుందని నేను అనను. ఎంత పెద్ద గొట్టం వేసినా దాన్ని మించిన వాన ఏదో ఒక రోజు వస్తుంది. ఆనాడు మిగులు నీరు ఎటు పోవాలో ముందే నిర్ణయించి ఉండాలి. 2011 జూలై 2న రెండు గంటల్లో 150 మిల్లీమీటర్ల వానతో అతలాకుతలమైన డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్, మరుసటి ఏడాదే అలాంటి వానల కోసం ప్రత్యేక ప్రణాళిక చేసుకుంది. వందేళ్లకోసారి వచ్చే వానకు కూడా వీధుల్లో నీరు 10 సెంటీమీటర్లు మించకూడదన్నది వారి లక్ష్యం. అందుకోసం కొన్ని పార్కులను నీరు తాత్కాలికంగా నిలిచే చోట్లుగా, కొన్ని రోడ్లను నీరు పారే దారులుగా మలుస్తున్నారు. ఎంత నీటిని, ఎక్కడ సహిస్తామో ఒక నగరపాలన ముందుగా ఒప్పుకోవడం నాకు ఇందులో అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. వాననీటిని ఇంకించుకునే పనులు చేపట్టిన చైనా నగరం జెంగ్‌జౌలో 2021 జూలై 20న గంటలో 201.9 మిల్లీమీటర్లు కురిసి, మెట్రో సొరంగంలోకి నీరు చేరి 14 మంది చనిపోయారు. ఇంకుడు ఏర్పాట్లు అవసరమే గానీ, రైళ్లను ఎప్పుడు ఆపాలి, అండర్‌పాస్‌లను ఎప్పుడు మూసెయ్యాలి అన్న నిర్ణయాలకు అవి బదులు కావు.

విద్యుత్తు సంగతి కూడా దీనితో ముడిపడినదే. లోతట్టు ప్రాంతాల నీటిని తోడే పంపులు కరెంటు మీద నడుస్తాయి. ఆ కరెంటు ఇచ్చే సబ్‌స్టేషన్ కూడా పల్లంలోనే ఉంటే రెండూ ఒకేసారి ఆగిపోతాయి. ఎండాకాలంలోనూ పరిస్థితి ఇలాంటిదే. అంతర్జాతీయ ప్రమాణాల్లో ట్రాన్స్‌ఫార్మర్ల సామర్థ్యాన్ని సాధారణంగా పరిసరాల ఉష్ణోగ్రత 40 డిగ్రీలు మించదన్న లెక్కపై నిర్ణయిస్తారు. పగలు అంతకు మించి, రాత్రీ చల్లబడకపోతే, వాడకం ఎక్కువగా ఉన్న వేళకే వాటి శక్తి తగ్గుతుంది.

పూడికతీత గురించి ఒక్క మాట. దానికి శంకుస్థాపన ఉండదు, శిలాఫలకం ఉండదు కాబట్టి బడ్జెట్టులో అది ఎప్పుడూ చివరి వరుసలోనే ఉంటుంది. సగం పూడిన కాలువకు కాగితం మీద ఎంత సామర్థ్యం రాసినా ప్రయోజనం లేదు.

అందువల్ల నా అభ్యర్థన ఇది. ఇకపై పరిపాలనా అనుమతి కోరే ప్రతి కాలువ, వంతెన, సబ్‌స్టేషన్ ప్రతిపాదనలో మొదటి పేజీలోనే ఏ వానను, ఏ ఉష్ణోగ్రతను తీసుకుని రూపొందించారో, ఆ అంకెకు ఆధారమైన రికార్డులు ఏ సంవత్సరం వరకు ఉన్నాయో, పరిమితి దాటినప్పుడు నీరు ఏయే వీధుల గుండా పోతుందో ప్రజలకు అర్థమయ్యేలా రాయించి, అంతర్జాలంలో ఉంచండి. ఇప్పటికే ఉన్న నిర్మాణాల విషయంలో ఆసుపత్రులకు, నీటి సరఫరా కేంద్రాలకు, పంపింగ్ స్టేషన్లకు ముందుగా ఈ లెక్క చూడండి. అన్నిటినీ ఒకే ఏడాది సరిచెయ్యడం సాధ్యం కాదని నాకు తెలుసు. ఏది ముందు, ఏది తరువాత అన్న క్రమాన్నైనా వచ్చే బడ్జెట్టుకు ముందు వెల్లడించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక నగర పౌరుడు