స్లైడు చేసినవారి పేరు

చిరంజీవి అమ్మలుకి ఆశీస్సులు.

నీ ప్రయోగశాలలో మొదటి ముగ్గురు విద్యార్థులు చేరారని, వారిలో ఇద్దరు తమ ఇళ్లలో డిగ్రీ దాటిన మొదటివారని నువ్వు చెప్పినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. ముప్ఫై ఏళ్లు డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పినదాన్ని కనుక, అలాంటి పిల్లలు ఎక్కడ ఆగిపోతారో నాకు తెలుసు.

తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లకు హరితరేణువు అంటే ఏమిటో, క్షయకరణ విభజనలో ఏ దశ తరువాత ఏది వస్తుందో క్షుణ్ణంగా తెలిసి ఉంటుంది, కానీ సెమినారులో అదే విషయం ఇంగ్లీషులో అడిగేసరికి నోరు పెగలదు. ఆ మౌనాన్ని తెలివితక్కువతనంగా లెక్కగట్టిన అధ్యాపకులను చూశాను. మొదటి ఏడాది వాళ్లను తెలుగులోనే వివరించనివ్వు.

కాన్ఫోకల్ మైక్రోస్కోపు వేళలు నువ్వే దగ్గరుండి పంచు. పగటి గంటలన్నీ సీనియర్లు రాయించుకుంటే, హాస్టలు గేటు మూసేలోగా చేరుకోవలసిన అమ్మాయికి అర్ధరాత్రి మిగులుతుంది. పరిశోధక విద్యార్థులకిచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మొత్తం 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలకు పెరిగినా, మొదటి విడత చేతికందడానికి నెలలు పట్టడం కొత్త కాదు. ఇంటినుంచి డబ్బు తెప్పించుకోలేని పిల్లవాడు ఆ నెలల్లోనే చదువు మానుకుంటాడు. అతను నోరు తెరిచి అడగడు కాబట్టి నువ్వే అడుగు.

అన్నిటికంటే ముఖ్యం, పరిశోధన పేపరు మీద పేరు. ఎమ్మెస్సీ తరువాత ఒక ఆచార్యుని దగ్గర ఏడాదిన్నర పనిచేశాను. తెల్లవారి ఉల్లి వేరు కొనలు కోసి, ఫిక్స్ చేసి, అసిటోకార్మిన్ రంగు వేసి, క్రోమోజోములు నడుమ వరుసకట్టి కనిపించే మంచి మెటాఫేజ్ కణం దొరికేదాకా వందల స్లైడ్లు వెదికాను. ఆ చిత్రాలతో వెలువడిన వ్యాసంలో నా పేరు లేదు. ‘పెళ్లయితే మానేస్తావు కదా’ అన్నారాయన. నిజంగానే మానేశాను, పెళ్లికి రెండేళ్ల ముందే.

తలశ్శేరిలో 1897లో పుట్టి, మిచిగన్‌లో 1931లో డాక్టరేటు పొంది, కోయంబత్తూరులో చెరకును ఇతర గడ్డిజాతులతో సంకరం చేసిన వృక్షశాస్త్రవేత్త జానకీ అమ్మాళ్ గురించి నీకు చిన్నప్పుడు చెప్పేదాన్ని. ఒంటరి స్త్రీ కావడం, కులం, రెండూ అక్కడ ఆమెకు అడ్డుపడ్డాయని ఆమె జీవితాన్ని రాసినవారు చెబుతారు. తరువాత ఇంగ్లండులో క్రోమోజోముల శాస్త్రవేత్త డార్లింగ్టన్‌తో కలిసి సాగుమొక్కల క్రోమోజోముల అట్లాసును 1945లో తెచ్చినప్పుడు, ఆ పుస్తకం ముఖపత్రం మీద ఇద్దరి పేర్లూ అచ్చయ్యాయి. ఆమె చేతి పని ఎవరి ఖాతాలోనూ కలిసిపోలేదు. అందుకే ఎవరు ఏ స్లైడు చేశారో, ఏ చిత్రం తీశారో ప్రయోగం మొదలైన రోజే ప్రయోగశాల పుస్తకంలో రాయించు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ ముగ్గురినీ తీసుకురా. నా స్లైడ్ల పెట్టె ఇంకా బీరువాలోనే ఉంది. వాళ్లకు చూపించాలని ఉంది.

మీ అమ్మ