మీ పిల్లలతో ఒక హోయా తీగ ఇంటికొస్తోంది

తల్లిదండ్రులకు, ఇంట్లో పెద్దలకు నమస్కారం.

వచ్చే శనివారం సాయంత్రం ఆరు, ఏడు తరగతుల పిల్లలు పుస్తకాల సంచితో పాటు తలా ఒక హోయా కొమ్మ పట్టుకుని ఇంటికొస్తారు. జానెడు తీగ ముక్క, దానికి రెండు మూడు కణుపులు, కణుపు దగ్గర ఎదురెదురుగా రెండేసి దళసరి ఆకులు. చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. "దీనికోసమా బడికి పంపింది" అని ఎవరైనా అనేలోపే నాలుగు సంగతులు చెప్పాలని ఈ నెల ఉత్తరం మొత్తం ఈ మొక్కకే ఇచ్చేశాను. యూనిట్ పరీక్షల తేదీలు నోటీసు బోర్డులో ఉన్నాయి, అక్కడ చూసుకోండి.

మల్లె, సన్నజాజి, రాధామనోహరం ఉండగా ఈ హోయా ఎందుకని మా స్టాఫ్ రూములోనూ అడిగారు. వాటికి నేల కావాలి, ఎండ కావాలి. మన పిల్లల్లో పెరడున్న ఇళ్లవాళ్లు కొందరే. మేడ మీద రెండు గదుల వాటాలో ఉండేవాళ్లు, కాలనీలో సెంటున్నర స్థలంలో ఇల్లు కట్టుకున్నవాళ్లు చాలామంది. హోయాకి కిటికీ పక్కన ఒక కుండీ చాలు, లేదా వసారా దూలానికి ఒక ఉట్టి చాలు. క్లాసంతా ఒకే మొక్క పెంచాలంటే అందరి ఇళ్లలోనూ బతికేదే ఇవ్వాలి కదా.

మీరు బడికి వచ్చినప్పుడు ఆఫీసు గది బయట వరండా స్తంభానికి అల్లుకుని కనిపించేది దీని తల్లిమొక్క. కడియపులంక నర్సరీలో కొన్నాం. పూత మీద ఉన్నప్పుడు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒకే కాడ చివర గుండ్రంగా ఒక గుత్తి, అందులో ఇరవై ముప్పై పూలు. ఒక్కొక్కటీ గోరంత నక్షత్రం, తెలుపులో లేత గులాబి రంగు. దాని మధ్యలో ఎర్రటి బొట్టుతో ఇంకో చిన్న నక్షత్రం. రేకులు మైనంతో చేసి అతికించినట్టుంటాయి, అందుకే నర్సరీల్లో కొందరు దీన్ని వ్యాక్స్ ప్లాంట్ అంటారు. వాసన పగలు పెద్దగా తెలియదు, చీకటి పడ్డాక వస్తుంది. బడి విడిచాక వస్తుందన్నమాట. ఆ వాసన పిల్లలకి తెలియాలంటే మొక్క వాళ్ల ఇంట్లోనే ఉండాలి. ఒక జాగ్రత్త: పూల నుంచి తేనె బొట్లు కారి కింద గచ్చు జిగటగా అవుతుంది, చీమలు చేరతాయి. మంచం పైనా, బీరువా పక్కనా వేలాడదీయకండి.

ఈ మొక్క మన దేశానిది కాదు. మేము ఇస్తున్న రకం పేరు హోయా కార్నోసా. దక్షిణ చైనా, తైవాన్, జపాన్ దక్షిణ దీవులు దాని పుట్టిల్లు. అక్కడి అడవుల్లో చెట్ల మీదికీ రాళ్ల మీదికీ ఎగబాకి పెరుగుతుంది. పేరు మాత్రం ఇంగ్లండులో పడింది. లండన్ దగ్గర సయాన్ హౌస్ అనే భవంతిలో నార్తంబర్లాండ్ డ్యూక్ గారి తోటమాలి థామస్ హోయ్. 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త ఆ తోటమాలి పేరునే ఈ ప్రజాతికి పెట్టాడు. రాజుల పేర్లూ దొరల పేర్లూ పెట్టుకునే రోజుల్లో వందల రకాల మొక్కలకి ఒక తోటమాలి పేరు దక్కడం నాకు భలే నచ్చుతుంది. రాబర్ట్ బ్రౌన్ అంటే మా తొమ్మిదో తరగతి పిల్లలు ఠక్కున చెబుతారు, 1831లో కణంలోని కేంద్రకానికి పేరు పెట్టినాయన. ఆ మాట ఆయన చెప్పింది ఆర్కిడ్ పూలమీదా, జిల్లేడు కుటుంబం పూలమీదా చేసిన పరిశీలనలోనే. హోయా కూడా ఆ జిల్లేడు కుటుంబంలోదే.

అవునండి, జిల్లేడే. గన్నేరు, బిళ్ళగన్నేరు, నందివర్ధనం కూడా వీటికి చుట్టాలే. అందుకే హోయా ఆకు తుంచినా తెల్లటి పాలు వస్తాయి. వీలైతే పొలం గట్టు మీది జిల్లేడు పువ్వుని చూపించి, హోయా పూసిన రోజున రెండిటినీ పోల్చి చూడమనండి. రెండిట్లోనూ మధ్యలో ఐదు కోణాల కిరీటం ఉంటుంది. రెండిట్లోనూ పుప్పొడి పొడిపొడిగా రాలదు, చిన్న చిన్న ముద్దలుగా ఉండి వాలిన పురుగుకి తగులుకుని ఇంకో పువ్వుకి పోతుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, కాబట్టి కోసేది పెద్దవాళ్లే కోయండి. గన్నేరు సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. హోయా అంత విషం కాదు. అయినా కొమ్మ కత్తిరించాక చేతులు కడుక్కోవాలి, కొందరి చర్మానికి ఆ పాలు దురద పెడతాయి.

ఇక అసలు విషయం. దయచేసి ఈ మొక్కకి నీళ్లు మీరు పోయకండి.

మీ ప్రేమని తప్పు పట్టడం కాదు. మన గోదావరి జిల్లాల ఇళ్లలో కుండీ కనిపిస్తే చేతిలో చెంబు ఊరుకోదు. పొద్దున్నే వాకిట్లో కళ్లాపి చల్లి మామ్మగారు కాసిని పోస్తారు, అంట్లు తోమి అమ్మ కాసిని పోస్తుంది, బడి నుంచి వచ్చి పిల్లవాడు వాడి డ్యూటీ అని ఇంకో మగ్గు పోస్తాడు. బంతి మొక్క ఎలాగో తట్టుకుంటుంది. హోయా తట్టుకోదు. చెట్టు కొమ్మ మీద పెరిగే మొక్క కాబట్టి దాని వేళ్లకి తడితో పాటు గాలి కావాలి, ఎప్పుడూ ముద్దగా ఉండే మట్టిలో కుళ్లిపోతాయి. నీళ్లు ఆకుల్లోనే దాచుకుంటుంది. పైగా అనాస, నాగజెముడు చేసినట్టే పగటి ఎండకి పత్రరంధ్రాలు మూసుకుని రాత్రి పూట తెరుస్తుంది, అందువల్ల తడి త్వరగా పోగొట్టుకోదు. వేలు రెండు కణుపుల లోతున మట్టిలో గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే పోయాలి. ఇంకో పరీక్ష కూడా ఉంది. ముదురు ఆకుని మెల్లగా వంచి చూడాలి, బిరుసుగా ఉంటే దానికి నీళ్లు అక్కర్లేదు, మెత్తగా వంగితే దాహం వేసినట్టు. పోసినప్పుడు మాత్రం అడుగు చిల్లులోంచి కారేదాకా పోయాలి. వానాకాలంలో వారం పది రోజులు అసలు పోయనక్కర్లేకపోవచ్చు.

ఒక చిక్కు ఉంది. వేళ్లు కుళ్లినా ఆకులు వడిలిపోతాయి, ఎందుకంటే నీళ్లు తాగే వేళ్లే లేవు. అది చూసి దాహమనుకుని ఇంకా పోస్తారు. మట్టి తడిగా ఉండి ఆకు వాడిందంటే కుండీలోంచి తీసి, నల్లబడ్డ వేళ్లు కత్తిరించి, మిగిలిన కొమ్మని మళ్లీ నాటుకోవాలి.

వేలు గుచ్చి చూసే పని పిల్లలదే. వాళ్లు మర్చిపోతే మర్చిపోనివ్వండి. నాలుగు రోజులు మర్చిపోయినంత మాత్రాన హోయా చావదు, ఈ మొక్కని ఎంచుకోవడానికి అది ఇంకో కారణం.

చేలో మట్టి తెచ్చి కుండీ నింపకండి. మన డెల్టా నల్లమట్టి వరికి బంగారం. కుండీలో అదే మట్టి తడిస్తే బంక, ఎండితే పెంకు. కొబ్బరి డొక్కని గోరంత ముక్కలుగా కొట్టి రెండు పాళ్లు, బొగ్గు ముక్కలు ఒక పాలు, బాగా మాగిన ఆకుల ఎరువు ఒక పాలు, ఇసుక దొరికితే ఒక గుప్పెడు. అడుగున పగిలిన పెంకు ముక్క ఒకటి. కొబ్బరి పొట్టు వాడేవాళ్లు రెండు మూడు సార్లు నీళ్లలో నానబెట్టి పిండి ఆరబెట్టాలి, దానిలో ఉప్పు ఉంటుంది. సముద్రం వైపు ఊళ్లలో ఉన్నవాళ్లు బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాన నీళ్లు పట్టి ఉంచుకోండి. వేసవిలో కాలువలు కట్టేశాక ఆ బాధ ఇంకా ఎక్కువ. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందంటే ఉప్పు చేరిందని అర్థం.

కుండీ పెద్దది వద్దు. దోసెడంత చాలు. హోయా వేళ్లు ఇరుకులో ఉంటేనే బాగుంటుంది, పెద్ద కుండీలో మట్టి ఆరక పాడవుతుంది. తూర్పు వైపు కిటికీ, లేదా పొద్దుటి ఎండ పడే వసారా మంచి చోటు. మధ్యాహ్నపు ఎండ తగిలితే ఆకులు మాడతాయి, మరీ చీకటి మూలన పెడితే బతికుంటుంది కానీ పూయదు. పాకడానికి కొబ్బరి తాడో వెదురు బద్దో కట్టండి. కొన్నాళ్లకి ఆకుల్లేని బోడి తీగలు బారెడు పొడుగున బయటికి వస్తాయి. ఎండిపోయిందనుకుని తుంచకండి. అవి పట్టు కోసం వెతుక్కుంటున్నాయి, ఆకులు తర్వాత వస్తాయి.

పూలు రాలాక మిగిలే కాడ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గులాబీ, బంతి పెంచినవాళ్లకి వాడిన పూల కాడ కత్తిరించడం అలవాటు. హోయాకి అది పనికిరాదు. ఆ పొట్టి కాడే మళ్లీ మొగ్గ వేస్తుంది, ఏటా అదే చోట పూస్తుంది, పూసిన ప్రతిసారీ కాస్త పొడుగవుతుంది. ఒక సెలవుల్లో బడి శుభ్రం చేస్తూ ఎవరో మంచి మనసుతోనే మా తల్లిమొక్క కాడలన్నీ నున్నగా కత్తిరించేశారు. ఆకులు బాగానే ఉన్నాయి కానీ కొత్త కాడలు వచ్చేదాకా పువ్వు లేదు. మొగ్గలు కనిపించాక కుండీని అటూ ఇటూ జరపకూడదు కూడా. వెలుతురు మారినా, మట్టి పూర్తిగా ఎండినా మొగ్గలు రాలిపోతాయి. చుట్టాలకి చూపించాలంటే చుట్టాలనే మొక్క దగ్గరికి తీసుకెళ్లండి.

యూరియా వేయకండి. మన ఇళ్లలో ఆ బస్తా ఎక్కడో ఒక మూల ఉంటుంది, చిటికెడు వేస్తే ఏమవుతుందిలే అనిపిస్తుంది. వేళ్లు మాడొచ్చు, మాడకపోతే ఒట్టి ఆకులే వస్తాయి. నెలకోసారి ఒక చెంచా వర్మీకంపోస్టు చాలు.

పురుగుల్లో రెండింటిని కనిపెట్టుకోవాలి. ఆకు మొదట్లో దూదిలా తెల్లగా అంటుకునేది పిండినల్లి. లేత చిగుళ్ల మీద పసుపు పచ్చగా గుంపు కట్టేది పేనుబంక, జిల్లేడు మీదా గన్నేరు మీదా మీరు చూసే ఉంటారు. కొంచెమే ఉంటే తడి దూదితో తుడిచేస్తే పోతాయి. ఎక్కువైతే లీటరు నీళ్లకి ఒక చిన్న చెంచా వేపనూనె, నాలుగు చుక్కల కుంకుడు రసం కలిపి సాయంత్రం పూట చల్లాలి. ముందు ఒక ఆకు మీద చల్లి రెండు రోజులు ఆగి చూడండి.

కుండీ కింద పళ్లెం పెట్టేవాళ్లు శుక్రవారం శుక్రవారం అందులో నీళ్లు పారబోసి తుడవాలి. డెంగీ దోమకి కాలువ నీళ్లు అక్కర్లేదు, ఇలాంటి తేటనీళ్లు గరిటెడు ఉంటే చాలు, వారం పది రోజుల్లో గుడ్డు నుంచి దోమ అవుతుంది. ఉట్టిలో వేలాడదీస్తే ఆ గొడవే లేదు.

లంకల్లో ఉండే కుటుంబాలకి ఒక మాట. గోదావరి పెరిగిందని కబురొస్తే మొక్క కోసం ఎవరూ వెనక్కి వెళ్లకండి, పిల్లల్ని వెళ్లనివ్వకండి. తల్లిమొక్క బడిలో ఉంది, ఎన్ని కొమ్మలైనా ఇస్తాం.

వేళ్లు పట్టడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ మధ్యలో పిల్లలు రోజూ పీకి చూస్తారు. పీకొద్దని మేము చెబుతాం, మీరూ చెప్పండి. పువ్వుకి రెండేళ్లు పట్టొచ్చు, మూడేళ్లూ పట్టొచ్చు, అంటే ఇవాళ ఆరో తరగతి పిల్ల తొమ్మిదిలోకి వచ్చేసరికి. "మేడంగారూ, మరి మార్కులెప్పుడు వేస్తారు" అని మొన్న మీటింగులో ఒక నాన్నగారు అడిగారు. దీనికి మార్కులు లేవండి. ప్రాజెక్టు రికార్డు లేదు, ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టే పోటీ లేదు. కొమ్మ చచ్చిపోతే ఏం జరిగిందో పిల్లలే వచ్చి సైన్సు టీచరుకి చెప్పి ఇంకోటి పట్టుకెళ్లొచ్చు. మీరు రాత్రికి రాత్రే నర్సరీ నుంచి కొత్తది తెచ్చి కుండీలో పెట్టకండి. మాకు తెలిసిపోతుంది, మా తల్లిమొక్క ఆకుల మీద వెండి చుక్కలుంటాయి.

నర్సరీ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. హృదయం ఆకారంలో ఒకే ఒక్క ఆకు నాటిన చిన్న కుండీలు అమ్ముతుంటారు. అదీ హోయాలో ఒక రకమే, హోయా కెర్రీ. కణుపు లేకుండా ఒట్టి ఆకు నాటితే వేళ్లు వస్తాయి, ఏళ్ల తరబడి పచ్చగానూ ఉంటుంది, కానీ తీగ సాగదు. పిల్లలు ముచ్చటపడితే కొనండి, పువ్వు కోసమైతే డబ్బు దండగ.

శుక్రవారం లోపు పిల్లలతో ఒక చిన్న కుండీ పంపండి. మట్టిదైతే మరీ మంచిది, పెయింటు డబ్బా అయినా, కొబ్బరి చిప్ప అయినా ఫరవాలేదు, అడుగున చిల్లు మాత్రం ఉండాలి. డబ్బా అంచులు పదునుగా ఉంటే సుత్తితో కొట్టి మడిచి పంపండి. కొబ్బరి డొక్కలు, బొగ్గు మేమే సిద్ధం చేస్తున్నాం, డబ్బులేమీ పంపనక్కర్లేదు. ఎనిమిదో తరగతి వాళ్లు మాకేదీ అని అడుగుతున్నారు. వాళ్లకి తల్లిమొక్క మళ్లీ సాగాక, కార్తీకంలోపు చూద్దాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు