సినీ అభిమానుల సంఘం, విజయవాడ: 2025-26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఎక్కువ గొడవ తెచ్చిపెట్టింది ఒక చిన్న నిబంధన. సమావేశంలో కలెక్షన్ల మాట, ఏ సెంటర్లో ఎన్ని రోజులు ఆడిందన్న మాట ఎత్తకూడదు. ఫలానావారి నటన బాగుంది అన్నవాళ్లు ఏ సీనులో, ఏం చేస్తే బాగుందో చెప్పాలి. గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల మధ్య పెరిగినవాళ్లను పట్టుకుని కలెక్షన్లు మాట్లాడొద్దంటే ఎలా అని ఒక పెద్దాయన అలిగి లేచారు. అంతలో టీ వచ్చింది కాబట్టి ఆగారు. నిబంధన ఇష్టం లేనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నా మటుకు నాకు ఈ ఏడాది సమావేశాలు బాగా జరగడానికి అదే కారణం.

ఏప్రిల్‌లో 'ఆదిత్య 369', మే 9న 'జగదేకవీరుడు అతిలోకసుందరి' మళ్లీ థియేటర్లకు వచ్చాయి. రెండిటికీ కుటుంబాలతో కలిసి వెళ్లాం. రెండోదాని గురించి ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1990లో అది విడుదలైంది కూడా మే 9నే. అదే రోజు తుఫాను కృష్ణా డెల్టా మీద విరుచుకుపడింది. ఊళ్లో కరెంటు లేదు, పొలాలు మునిగాయి, బంధువుల కబురు తెలియదు. అలాంటి రోజుల్లో సినిమాకెళ్లామని చెప్పుకోవడానికి మనలో కొందరు ఇప్పటికీ కాస్త సిగ్గుపడతారు. వాన తెరిపిచ్చాక, హాల్లో కాళ్ల కింద నీళ్లుండగానే కుర్చీ మీదికి కాళ్లు ముడుచుకుని చూశామని పటమట సభ్యుడొకరు చెప్పారు. అప్పుడు ఆయన ఐదో తరగతి.

ఈసారి చూశాక మాట శ్రీదేవి మీదికి మళ్లింది. దేవకన్య ఇంద్రజగా ఆవిడ "మానవా!" అని పిలిచే పిలుపును చిన్నప్పుడు అందరం అనుకరించినవాళ్లమే. అందులో అధికారం ఎంత, అమాయకత్వం ఎంత అన్నది ఇప్పుడే గమనించామని చాలామంది అన్నారు. మొదట్లో ఆ పిలుపు పై నుంచి కిందికి వస్తుంది. పోనుపోను అదే మాటలోకి చనువు చేరుతుంది. డైలాగు మారలేదు, పలికిన తీరే మారింది. చిరంజీవి వీరాభిమాని ఒకాయన దీన్ని ఒప్పుకోవడానికి అరగంట పట్టింది.

జులై 13న కోట శ్రీనివాసరావు గారు కన్నుమూశారు. కంకిపాడులో పుట్టి, 1999లో విజయవాడ తూర్పు నుంచి ఎమ్మెల్యేగా గెలిచిన మనిషి కాబట్టి, మన సంతాప సభలో రాజకీయాలు దొర్లుతాయేమోనని టెన్షన్ పడ్డాం. అలాంటిదేమీ జరగలేదు. సభంతా ఒక కోడి చుట్టూ తిరిగింది. 'అహ నా పెళ్ళంట' (1987)లో పిసినారి లక్ష్మీపతి కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూసుకుంటూ అన్నం తింటాడు. అదెందుకు నవ్వు తెప్పిస్తుందో సత్యనారాయణపురం మాస్టారు విడమరిచి చెప్పారు. కోట ఆ సీనులో నవ్వించాలని చూడరు. ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు నిజంగా కూర కలుపుకుని తింటున్నంత తృప్తి ఆ మొహంలో ఉంటుంది. ఇది కామెడీ సుమా అని ప్రేక్షకుడికి ఎక్కడా సైగ చెయ్యరు.

అయితే ఆ పేరు వింటే తనకు కోడి గుర్తురాదని, 'ప్రతిఘటన' (1985)లో మంత్రి కాశయ్యే గుర్తొస్తాడని ఒక సభ్యురాలు అన్నారు. చిన్నప్పుడు ఆ గొంతు వినబడితే అమ్మ పక్కకు జరిగి కూర్చునేవారట. హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చిన కొత్త సభ్యుడు ఇంకో మాట అందుకున్నారు. తెలంగాణ యాసను ఏళ్ల తరబడి విలన్లకూ కమెడియన్లకే ఇచ్చారని, అది విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుందని, అయినా కోట పలికిన తీరులో మాత్రం తనకు వెక్కిరింపు వినబడలేదని చెప్పారు. దీని మీద అందరూ ఏకాభిప్రాయానికి రాలేదు, రానక్కర్లేదు కూడా. రెండేళ్ల తేడాలో ఒకే మనిషి ఒక ఇంట్లో పిల్లల్ని భయపెట్టి, ఇంకో ఇంట్లో పొట్ట చెక్కలయ్యేలా నవ్వించారన్న దగ్గర మాత్రం అందరూ తలూపారు.

దసరా సెలవుల్లో పిల్లలకు 'మాయాబజార్' వేశాం. అద్దెకు తీసుకున్న హాలు సౌండ్ సిస్టమ్ ఇంటర్వెల్‌కు ముందే మొరాయించింది. డబ్బు వెనక్కి అడిగితే వచ్చే ఏడాది తగ్గించి ఇస్తామన్నారు. వచ్చే ఏడాది ఆ హాలు వద్దని కార్యవర్గం తీర్మానించింది. ఇంటి నుంచి తెచ్చిన స్పీకరు పెట్టి షో నడిపించాం. ఎస్వీ రంగారావు నోట్లోకి లడ్డూలు ఎగురుకుంటూ వెళ్లినప్పుడు పిల్లలు నవ్వుతారని అనుకున్నదే. అనుకోనిది సావిత్రి దగ్గర జరిగింది. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు పెళ్లిపీటల మీద రేలంగి కాలు తొక్కేసరికి, ఈ అక్క లోపల ఆ రాక్షసుడు ఉన్నాడని ఒక రెండో తరగతి పాప గట్టిగా అరిచింది. 'అహ నా పెళ్ళియంట' పాటలో సుశీల గొంతు మధ్య ఘంటసాల గొంతు దూరినప్పుడు సావిత్రి భుజాలు ఎలా విరుచుకుంటాయో చూడండి. అంతలోనే మళ్లీ పెళ్లికూతురి సిగ్గు. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని 1957లో రాక్షసుణ్ణి ఒక ఆడపిల్ల ఒంట్లో చూపించారంటే అది మొత్తం నటనే. నది దాటితే చిర్రావూరు, సావిత్రి పుట్టిన ఊరు. ఇంత దగ్గర్లో ఉండి సంఘం తరఫున ఒక్కసారీ వెళ్లకపోవడం బాగాలేదు.

పాటల పుస్తకాల ప్రదర్శన చిన్నదే, జనం బాగా వచ్చారు. కథ సగం చెప్పి, శేషం వెండితెరపై చూడమని ఊరించే ఆ పల్చటి పుస్తకాలు సింగ్‌నగర్ సభ్యుడి దగ్గర పెద్ద ట్రంకుపెట్టె నిండా ఉండేవి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో చాలా వరకు పోయాయి. అటక మీద మిగిలినవి ఆరబెట్టి తెచ్చారు. పేజీలు అంటుకుపోయినవాటిని ఎవరూ విప్పవద్దని బోర్డు పెట్టినా విప్పారు. ఈసారి అద్దాల పెట్టె కావాలి.

ఖాతాల వివరాలు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు. అప్పులు లేవు.

వచ్చే ఏడాదికి చిర్రావూరు ప్రయాణం, బాలనటుల మీద ఒక చర్చ అనుకున్నాం. 1967 'భక్త ప్రహ్లాద'లో ఎస్వీఆర్‌కు ఎదురు నిలబడిన రోజారమణి, 'ఆదిత్య 369'లో టైమ్ మెషీన్ దగ్గర తిరిగిన ఆవిడ కొడుకు తరుణ్, వీళ్లిద్దరి దగ్గర మొదలుపెడదామని ఒక సూచన వచ్చింది. ఇంకేదైనా ఉంటే చెప్పండి, సీనుతో సహా. చందా బాకీలున్నవారి పేర్లు ఇక్కడ రాయడం లేదు. కోశాధికారి గారి ఫోను ఎత్తితే చాలు.

ఇట్లు,
కార్యదర్శి