అగ్నిపర్వతాలే కాదు, పఫిన్లూ చూపించాలి

ఐస్‌లాండ్‌ను పిల్లలకు పరిచయం చేసే పుస్తకాలు, వీడియోలు అగ్నిపర్వతాలు, హిమానీనదాల దగ్గరే ఆగిపోతున్నాయి, అక్కడి జీవుల ఊసే ఎత్తడం లేదు. అలాంటి వీడియోలు వరసగా చూశాక మా పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న, ‘అక్కడ ఏవీ బతకవా?’ అని. మనిషి అడుగు పెట్టకముందు నుంచీ ఆ దీవిలో ఉన్న ఒకే ఒక్క నేల క్షీరదం ఆర్కిటిక్ నక్క అని చెబితే కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు. ఐస్‌లాండ్‌కే చెందిన హేమాయ్ అనే చిన్న దీవి సంగతికైతే ఇంకా కదిలిపోయారు. 1973లో అగ్నిపర్వతం బద్దలైన దీవి అది. వేసవి చివర్లో పఫిన్ అనే సముద్రపక్షి పిల్లలు రాత్రిపూట బొరియలు వదిలి సముద్రం వైపు ఎగరబోతాయి, ఊరి దీపాల వెలుగుకు దారితప్పి వీధుల్లో పడిపోతాయి. అక్కడి పిల్లలు వాటిని వెతికి అట్టపెట్టెల్లో పెట్టుకుని, తెల్లారాక సముద్రం మీదికి వదులుతారు. తోటి పిల్లలు చేసే పని కాబట్టే ఇది మనసుకు పట్టింది. పాఠ్యపుస్తకాలు, పత్రికల బాలల పేజీలు ఇలాంటి దేశాల గురించి చెప్పేటప్పుడు ముందు ఒక జంతువుతోనో పక్షితోనో మొదలుపెట్టాలి. అది అక్కడి చలిని, గాలిని, రాతి నేలను ఎలా తట్టుకుంటుందో చెప్పాకే పర్వతాల ఎత్తులు, మంచు లెక్కలు చెప్పాలి.