పలాస ప్యాసింజరు దిగినవారికి ఒక్క బస్సు

సంపాదకులకు నమస్కారం.

నేను శ్రీకాకుళం పట్టణంలో కాపురముంటూ విజయనగరంలో ఉద్యోగం చేస్తున్నవాణ్ణి. పదకొండేళ్లుగా నెలపాసు మీద ప్యాసింజరు రైలులో తిరుగుతున్నాను. కొత్త రైలు వేయమనో, ఛార్జీలు తగ్గించమనో అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఉన్న రైలుకూ ఉన్న బస్సుకూ వేళ కుదర్చమని మాత్రమే మీ పత్రిక ద్వారా సంబంధిత అధికారులను కోరుతున్నాను.

శ్రీకాకుళం రైలు స్టేషను శ్రీకాకుళంలో లేదన్న సంగతి ఈ జిల్లావాసులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అది సుమారు 13 కిలోమీటర్ల దూరాన ఆమదాలవలసలో ఉంది. దాని పేరు శ్రీకాకుళం రోడ్. పేరు చివర 'రోడ్' అని ఉందంటే ఆ ఊరికి పోయే దారి పట్టవలసింది ఇక్కడేనని, ఊరు మాత్రం ఇంకా దూరంలో ఉందని రైల్వేవారి పాత పరిభాషలో అర్థం. ఈ స్టేషనుకు నేటికీ వాడుతున్న సీహెచ్‌ఈ అన్న కోడ్ ఆంగ్లేయులు మన ఊరిని చికాకోల్ అని పిలిచిన కాలం నాటిది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది, చికాకోల్ అన్న పేరు కాగితాల నుంచి కూడా పోయింది. చికాకు మాత్రం ఆ 13 కిలోమీటర్ల మేర మిగిలిపోయింది.

పగలు ఈ దూరం పెద్ద సమస్య కాదు. శ్రీకాకుళం బస్‌స్టాండైన ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి ఆమదాలవలసకు బస్సులు తిరుగుతూనే ఉంటాయి. పాలకొండ, పార్వతీపురం వైపు వెళ్లే బస్సులు కూడా ఆ ఊరి మీదుగానే పోతాయి. ఏడు రోడ్ల జంక్షను దగ్గర నిలబడితే షేర్ ఆటో దొరకని ఘడియ ఉండదు. అసలు బాధంతా రాత్రిపూట, విశాఖ నుంచి వచ్చే పలాస ప్యాసింజరు దిగినవారిది. ఆ రైలులో వచ్చేది ఎవరో ఒక్కసారి చూస్తే విషయం బోధపడుతుంది. విశాఖలో, విజయనగరంలో దుకాణాలలోనూ కార్యాలయాలలోనూ పని ముగించుకున్నవారు, చీపురుపల్లిలోనో గరివిడిలోనో ఎక్కిన కూలీలు, కళాశాలల విద్యార్థులు, విశాఖ పెద్దాసుపత్రిలో చూపించుకుని తిరిగి వస్తున్న రోగులు, వారి వెంట ఉన్నవారు. 2023 అక్టోబరు 29న కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య ఈ పలాస ప్యాసింజరునే వెనుక నుంచి రాయగడ ప్యాసింజరు ఢీకొన్నప్పుడు 14 మంది ప్రాణాలు పోయాయి. మా రైలు పేరు దేశమంతా వినిపించింది అప్పుడే. ఆ తరువాత కూడా మేమందరం ఆ రైలే ఎక్కుతున్నాం, ఎందుకంటే మా జీతాలకు అందుబాటులో ఉన్న రైలు అదే. 2024లో మొదలైన వందే భారత్ శ్రీకాకుళం రోడ్‌లోనూ విజయనగరంలోనూ ఆగుతుంది. అది వెళ్లిపోయేదాకా ఆగి చూడటానికి మాకు బాగానే ఉంటుంది.

గత నెలలో ఒక శుక్రవారం నాడు జరిగిన సంగతి చెబుతాను. విజయనగరంలో ఎక్కినప్పుడు రైలు వేళకే ఉంది. నెల్లిమర్ల, చీపురుపల్లి దాటాక సిగడాంలో లూప్‌లో, అంటే వెనుక రైలుకు దారి వదిలే పక్క పట్టాల మీద పెట్టారు. వెనుక నుంచి ఒక ఎక్స్‌ప్రెస్ దూసుకుపోయింది, కొంతసేపటికి ఇంకొకటి. పొందూరులో మళ్లీ కాసేపు ఆగింది. ఆమదాలవలసలో దిగేసరికి యాభై నిమిషాల ఆలస్యం. మేము దిగవలసిన వేళకు సరిపోయేలా ఉన్న ఆఖరి బస్సు దాని వేళకు అది వెళ్లిపోయింది. నిదానంగా ఆలోచిస్తే ఇందులో ఎవరి తప్పూ కనబడదు. ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడం రైల్వే నియమం, వేళకు బస్సు తీయడం డ్రైవరు ధర్మం. తప్పు ఎక్కడా లేకపోయినా నలభై యాభై మందిమి స్టేషను బయట చీకట్లో నిలబడి ఉన్నాం.

నా పక్కన ఒక వృద్ధ దంపతుల జంట ఉంది. ఆయన చేతిలో స్కానింగ్ ఫిల్ములున్న పెద్ద కవరు, ఆమె చంకలో టిఫిను క్యారేజీ. "బస్సెల్లిపోనాదేటి బాబూ?" అని ఆమె అడిగింది. వెళ్లిపోయిందని చెప్పాను. ఉదయం ఇంటి నుంచి స్టేషనుకు వచ్చినప్పుడు మహిళలకు ఉచితం కనుక ఆమెకు బస్సులో ఛార్జీ పడలేదు, తిరుగు ప్రయాణమూ అలాగే జరుగుతుందనుకుంది. ఆటో అతను నలుగురికి కలిపి మూడు వందలు అడిగాడు. తగ్గించమంటే, "తిరుగు సవారీ ఉండదు మాస్టారూ, ఖాళీగా రావాల" అన్నాడు, అదీ నిజమే. నేనూ ఇంకొకరూ వారితో కలిశాం. ఆమె కొంగుముడి విప్పి, నాలుగు మడతలుగా ఉన్న పది రూపాయల నోట్లను ఒక్కొక్కటీ సాపు చేస్తూ స్టేషను దీపం వెలుతురులో లెక్కపెట్టింది. విశాఖ నుంచి ఆమదాలవలస దాకా సుమారు 130 కిలోమీటర్లు రైలులో వచ్చినందుకు ఇద్దరికీ అయిన ఖర్చు కన్నా చివరి 13 కిలోమీటర్లకు అయినది చాలా ఎక్కువ.

ఛార్జీల విషయం కొంత వివరంగా చెప్పడం అవసరం. కరోనా కారణంగా 2020 మార్చిలో ఆగిపోయిన ప్యాసింజర్లు తిరిగి పట్టాలెక్కినప్పుడు ప్రత్యేక రైళ్లన్న పేరుతో ఎక్స్‌ప్రెస్ ఛార్జీలు వసూలు చేశారు. పక్క స్టేషనులో దిగినా కనీస టికెట్టు 30 రూపాయలు. 2024 ఫిబ్రవరి చివరిలో ఆ పద్ధతి తీసేసి పాత సాధారణ ఛార్జీని, అంటే 10 రూపాయల కనీస ధరను పునరుద్ధరించారు. ఆ తరువాత 2025 జులైలోనూ డిసెంబరులోనూ రైలు ఛార్జీలు పెరిగినా, సాధారణ తరగతిలో ఆ పెంపు దూరప్రయాణాలకే వర్తించింది, నెలపాసుల జోలికి రాలేదు. నెలపాసు ధర దాదాపు 15 ఒంటి ప్రయాణాల టికెట్టుకు సమానం కాబట్టి, నెలకు పాతిక రోజులు రానూపోనూ తిరిగేవాడికి ప్రభుత్వం ఇస్తున్న రాయితీ చిన్నదేమీ కాదు. పల్లెవెలుగు బస్సులో కూడా కనీస ఛార్జీ 10 రూపాయలే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఆ పది రూపాయలు కూడా లేవు. అంటే ప్రభుత్వాలు రెండూ తమ వంతు ఖర్చు భరించాయి. కానీ బస్సు ఉన్నప్పుడే సున్నా టికెట్టుకు విలువ. మా రైలు దిగే ఆడవాళ్లకు ఆ టికెట్టు ఉదయం పూట పనికివస్తుంది, రాత్రి పనికిరాదు.

నేరుగా శ్రీకాకుళం నుంచి విజయనగరానికి బస్సులున్నాయి కదా, రైలెందుకు అని కొందరు మిత్రులు అడుగుతారు. ఉన్నాయి, నేనూ అప్పుడప్పుడు ఎక్కుతాను. నెలపాసు ధరకూ నెలంతా ఎక్స్‌ప్రెస్ బస్సుకయ్యే ఖర్చుకూ పొంతన ఉండదు, నడుము నొప్పి సంగతి వేరే. విశాఖ వెళ్లేవారికైతే నాన్‌స్టాప్ బస్సులు సుఖమే కాని, వాటికి స్త్రీశక్తి వర్తించదు.

ఇక్కడ రైలు నడిచే తీరు గురించి ఒక మాట చెప్పాలి. ఆలస్యాన్ని పూడ్చుకోవడానికి కాలపట్టికలో ఇచ్చే అదనపు నిమిషాలను సాధారణంగా చివరి స్టేషనుకు ముందు పెడతారు. రైలు వేళకు నడిచిందా లేదా అన్న లెక్క కూడా అది చివరి స్టేషను చేరిన సమయాన్ని బట్టే తేలుతుంది. అందువల్ల మా రైలు ఆమదాలవలసకు అరగంట ఆలస్యంగా వచ్చి కూడా పలాస చేరేసరికి ఆ ఆలస్యం సగానికి సగం తగ్గిపోవచ్చు, దస్త్రాలలో అది మరీ ఆలస్యంగా నడిచే రైలుగా కనబడకపోవచ్చు. మధ్యలో దిగేవాడికి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి 'రైలును వేళకు నడపండి, సమస్య తీరిపోతుంది' అన్న సలహా వినడానికి బాగుంటుంది గాని, వేగవంతమైన రైళ్లు ఏటేటా పెరుగుతున్న ఈ మార్గంలో ప్యాసింజరును లూప్‌లో పెట్టడం ఇప్పట్లో తగ్గుతుందని పదకొండేళ్లు తిరిగిన నాకు నమ్మకం లేదు. రైలు ఆలస్యమైన మేరకు బస్సే ఆగాలి.

నా సూచన ఇది. రాత్రి ఆఖరి బస్సుకు గడియారపు వేళ కాకుండా రైలు వేళ పెట్టాలి. 'పలాస ప్యాసింజరు వచ్చిన పదిహేను నిమిషాలకు' అని కాలపట్టికలో రాయాలి. రైలు ఎక్కడుందో తెలుసుకోవడం ఒకప్పుడు స్టేషను మాస్టరును బతిమాలితే గాని సాధ్యమయ్యేది కాదు. ఇప్పుడు ప్రతి కండక్టరు జేబులోనూ ఉన్న ఫోనులో రైలు సిగడాం దాటిందో, దూసి స్టేషనుకు వచ్చిందో కనబడుతుంది. బస్సులు ఎక్కడున్నాయో చూపించే యాప్ కూడా ప్రయాణికులకు అందుబాటులో ఉంది. రెండూ ఒకరికొకరికి కనబడుతున్నప్పుడు ఒకదాని కోసం ఒకటి ఆగకపోవడానికి సాంకేతిక కారణమేదీ లేదు.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. సిబ్బందికి డ్యూటీ గంటల పరిమితి ఉంటుంది. రైలు గంటన్నర ఆలస్యమైతే ఆ డ్రైవరు ఇంటికి ఎప్పుడు చేరతాడు, తెల్లవారి డ్యూటీకి ఎలా వస్తాడు అన్న ప్రశ్న న్యాయమైనది. అందుకే ఈ ఒక్క ట్రిప్పును మధ్యాహ్నం మొదలయ్యే డ్యూటీలో చివరి ట్రిప్పుగా వేసి, మొదటి సగంలో ఒక ట్రిప్పు తగ్గించి, ఆలస్యానికి ముందుగానే జాగా వదలమని అడుగుతున్నాను. గంటకు మించి ఆలస్యమైన రోజున బస్సు వెళ్లిపోయినా మేమేమీ అనుకోము, కాకపోతే ఆ సంగతి స్టేషను మైకులో ఒక్కసారి చెప్పిస్తే చాలు. ఆదాయం రాదన్నది రెండో అభ్యంతరం. రైలు దిగగానే ఎదురుగా బస్సు తప్పకుండా ఉంటుందన్న నమ్మకం కుదరడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మొదటి వారంలో ఖాళీ సీట్లు చూసి సర్వీసు తీసేస్తే, 'ప్రయాణికులు లేరు' అన్న మాట దానంతట అదే నిజమవుతుంది. కొన్ని పల్లె సర్వీసులకు ఈ గతి పట్టడం నేను చూశాను. ఆటోవారి పొట్ట కొట్టమని కూడా నేను అనడం లేదు. పగలంతా ఆ దారి వారిదే, రాత్రి ఒక్క బస్సుతో వారి బేరం పోదు. నన్ను ఆ శుక్రవారం దించినతను కూడా, బస్సుంటే తాను పెందలాడే ఇంటికి పోతానని అన్నాడు.

ఉదయం పూట ఇబ్బంది ఇంత లేదు. విశాఖ వైపు వెళ్లే తొలి రైలుకు అందేలా కాంప్లెక్సులో తగినంత ముందుగా ఒక బస్సు కదిలితే సరిపోతుంది. విజయనగరంలోనైతే స్టేషనూ కాంప్లెక్సూ రెండూ ఊళ్లోనే ఉన్నాయి కనుక వారికి ఈ బాధ తెలియదు.

ఈ వేళలు ఎవరు కూర్చుని కుదర్చాలన్నది చివరి ప్రశ్న. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రకారం పలాస నుంచి విశాఖ మీదుగా దువ్వాడ దాకా ఉన్న మార్గం విశాఖపట్నం డివిజను పరిధిలోకి వస్తుంది. బస్సు డిపోలు శ్రీకాకుళంలోనే ఉన్నాయి. రైల్వే కాలపట్టిక మారినప్పుడల్లా ఆ మారిన వేళల కాగితం ఒకటి డిపో మేనేజరు బల్ల మీదకు చేరేలా, డిపో నుంచి బస్సు వేళల కాగితం ఒకటి స్టేషనులో టికెట్టు కిటికీ పక్కన అంటించేలా జిల్లా యంత్రాంగం చొరవ చూపితే చాలు. ప్రస్తుతం శ్రీకాకుళం రోడ్‌లో కొత్తగా దిగినవాడికి శ్రీకాకుళం ఎటో, అక్కడికి తరువాతి బస్సు ఎప్పుడో పక్కవారిని అడిగితే గాని తెలియదు.

పలాస ప్యాసింజరు ఆమదాలవలసలో ఏ రోజు ఎన్ని గంటలకు ఆగిందో నేను చాలాకాలంగా ఒక డైరీలో రాసిపెట్టుకుంటున్నాను. ఆఖరి బస్సు వేళ నిర్ణయించే అధికారులకు అది ఉపయోగపడుతుందనుకుంటే నకలు తీయించి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక నెలపాసు ప్రయాణికుడు,
శ్రీకాకుళం.