మేనకోడలి డి.ఓ. సీటు గురించి

సెయింట్ లూయిస్,
ఆదివారం

ఒరేయ్ ప్రసాదూ,

మేనకోడలికి మెడికల్ సీటొచ్చిందని చెప్పి, నేను సంతోషపడేలోపే "కానీ ఎం.డి. కాదటరా, డి.ఓ. అట" అని గొంతు తగ్గించావు. ఆ గొంతు తగ్గించడమే నాకు నచ్చలేదు. మీ బాబాయి అయితే "పుత్తూరు కట్టులాంటిదా?" అని అడిగాడన్నావు. ఆయన్ననడానికేం లేదు, ఆయనకెవరూ చెప్పలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. చెల్లాయికీ చదివి వినిపించు.

డి.ఓ. అంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్. అమెరికాలో ఆ పట్టా ఉన్నవాళ్లు పూర్తిస్థాయి డాక్టర్లు. మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు, ఐ.సి.యు.లు నడుపుతారు. నాలుగేళ్ల చదువు, ఆపైన రెసిడెన్సీ అనే ఆస్పత్రి శిక్షణ, 50 రాష్ట్రాల్లోనూ లైసెన్సు. ఇక్కడ మెడిసిన్ చదివే పిల్లల్లో నాలుగోవంతుకు పైగా ఈ కాలేజీల్లోనే ఉన్నారు. బైడెన్‌కి వైట్‌హౌస్‌లో డాక్టరుగా ఉన్న కెవిన్ ఓకానర్ డి.ఓ.నే. మా ఆస్పత్రి ఫార్మసీలో రోజూ ఎం.డి.లవీ డి.ఓ.లవీ మందుల ఆర్డర్లు నా ముందుకొస్తాయి. పేరు చివరి అక్షరాలు చూస్తే తప్ప ఎవరిది ఏదో చెప్పలేను.

మీవాళ్లు తికమకపడటానికి కారణం లేకపోలేదు. ఇంగ్లండ్‌లో ఆస్టియోపాత్ అంటే చేతులతో ఒంటినొప్పులు సర్దే చికిత్సకుడు, మెడికల్ డాక్టరు కాదు. నెట్‌లో వెతికితే ఈ రెండూ కలగలిసి వస్తాయి.

ఈ డి.ఓ. చదువు మొదలైంది మా మిస్సోరీలోనే. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టరుకి 1864లో మెనింజైటిస్‌తో ముగ్గురు పిల్లలు పోయారు. పాదరసం మందులు, రక్తం తీయడం... ఆనాటి వైద్యం అదీ. దానిమీద ఆయనకి నమ్మకం పోయింది. ఒంటి నిర్మాణం సరిగా ఉంటే శరీరం తనను తానే బాగుచేసుకుంటుందని 1874లో ఆస్టియోపతీ అనే కొత్త పద్ధతి ప్రకటించాడు. 1892లో కిర్క్స్‌విల్‌లో కాలేజీ పెట్టాడు. మొదటి బ్యాచ్‌లోనే ఆడపిల్లల్ని చేర్చుకున్నాడు, ఆ రోజుల్లో! తర్వాత్తర్వాత మందులూ సర్జరీ అన్నీ చదువులోకి వచ్చాయి.

ఇక 1962లో కాలిఫోర్నియాలో జరిగింది విను, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అక్కడి ఎం.డి.ల సంఘమూ డి.ఓ.ల సంఘమూ ఒప్పందం చేసుకుని, 65 డాలర్లు కడితే డి.ఓ.లకి ఎం.డి. పట్టా ఇప్పించేశాయి. దాదాపు రెండు వేలమంది తీసుకున్నారు. కొత్తగా చదివింది పెద్దగా ఏమీ లేదు. నిన్న పనికిరాడన్న డాక్టరే ఇవాళ పనికొచ్చాడు. అంతటితో ఆగలేదు, ఆ రాష్ట్రంలో కొత్తగా డి.ఓ. లైసెన్సులు ఇవ్వకుండా తలుపు మూసేశారు. 1974లో అక్కడి సుప్రీంకోర్టు కలగజేసుకుంటేగానీ తెరుచుకోలేదు. పట్టా మీద అక్షరాలు చూసి మనిషిని తూచడం ఎంత అన్యాయమో ఇంతకంటే ఏం కావాలి?

మరి పనితనం సంగతేమిటంటావా? దానికీ లెక్కలున్నాయి. 2023లో ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆస్పత్రుల్లో చేరిన 65 ఏళ్లు దాటినవాళ్లవి 3 లక్షల 29 వేల పైచిలుకు కేసులు పరిశీలించారు. 30 రోజుల్లోపు మరణాలు డి.ఓ.లు చూసినవాళ్లలో 9.5 శాతం, ఎం.డి.లు చూసినవాళ్లలో 9.4 శాతం. డాక్టరు తరఫు ఖర్చు 1,004 డాలర్లు ఒకరిది, 1,003 ఇంకొకరిది. బాబాయికి ఈ ఒక్క ముక్క చెప్పినా చాలు.

అయితే ఒకటుంది, దాచను. డి.ఓ. పిల్లలు అదనంగా నేర్చుకునే, చేతులతో చేసే చికిత్స ఉంది చూడు, దాదాపు 200 గంటలు, దానికి రుజువులు ఇంకా పల్చగానే ఉన్నాయి. నడుంనొప్పికి 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, మామూలు వైద్యంతో సమానంగా తగ్గింది, మందులు తక్కువ వాడారు. మందుల మనిషిని కదా, అది నాకు చిన్న విషయం కాదు. కానీ 2021లో వచ్చిన ఫ్రాన్స్ అధ్యయనంలో 400 మంది మీద ఉత్తుత్తి చికిత్సతో పోల్చి చూస్తే తేడా చాలా స్వల్పం, నొప్పిలో అయితే చెప్పుకోదగ్గ తేడాయే లేదు. పెద్దవాళ్ల న్యుమోనియా మీద 2010లో వచ్చిన అధ్యయనమూ అంతే. చేర్చుకున్న 406 మందినీ లెక్కలోకి తీసుకుంటే చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. పద్ధతి ప్రకారం పూర్తిచేసినవాళ్లని మాత్రమే విడదీసి చూస్తే, మామూలు వైద్యం ఒక్కటే పొందినవాళ్లకంటే ముందే ఇంటికెళ్లారని తేలింది. మధ్యలో మానేసినవాళ్లని పక్కనపెట్టిన లెక్క నాకు సరిపోదు. మన పిల్ల చురుకైంది. ఈ చికిత్సని గుడ్డిగా నమ్మకుండా, ఎగతాళీ చేయకుండా, పరిశోధన చేసి తేల్చేవాళ్లే ఇప్పుడు ఆ రంగానికి కావాలి. అది తనకి చెప్పు.

ఇక చెల్లాయి భయం, రెసిడెన్సీ. 2020 నుంచి ఎం.డి.లకీ డి.ఓ.లకీ ఒకే గుర్తింపు వ్యవస్థ, రెసిడెన్సీ సీట్లు కేటాయించే మ్యాచ్ కూడా ఒకటే. డి.ఓ. ఆఖరు సంవత్సరం పిల్లల్లో 90 శాతానికి పైగా సీట్లు దొరుకుతున్నాయి. న్యూరోసర్జరీ, డెర్మటాలజీ లాంటివాటిలో మాత్రం పోటీ వీళ్లకి ఇంకా కష్టమే. అందుకే చాలామంది తమ డి.ఓ. లైసెన్సు పరీక్ష కామ్‌లెక్స్‌తోపాటు, ఎం.డి. పిల్లలు రాసే యు.ఎస్.ఎం.ఎల్.ఇ. కూడా రాస్తారు. ఒకే చదువుకి రెండు పరీక్షల ఫీజులూ రెండు పరీక్షల ఒత్తిడీ పిల్లల మీద పడటం నాకు మనసొప్పదు.

డబ్బు సంగతి ఇప్పుడే చూసుకోమను. గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ విద్యారుణం 2026 జులై నుంచి కొత్తవాళ్లకి లేదు. ఫెడరల్ అప్పు ఏడాదికి 50,000, మొత్తం మీద 2 లక్షల డాలర్లు, అంతే. ఫీజూ ఖర్చులూ కలిపితే చాలా కాలేజీల్లో అది సరిపోదు. అలాగే చాలా డి.ఓ. కాలేజీలకి సొంత ఆస్పత్రి ఉండదు. మూడో, నాలుగో సంవత్సరం రొటేషన్లు, అంటే ఆస్పత్రుల్లో శిక్షణ, ఎక్కడ, ఊరు మారాలా, కిందటి బ్యాచ్ వాళ్లు ఏ రెసిడెన్సీల్లో చేరారు, ఇవి డిపాజిట్ కట్టకముందే అడగాలి. సీటొచ్చిన సంతోషంలో ఎవరూ అడగరు.

చెల్లాయికి నా నంబరివ్వు. వాళ్లుండేది టెక్సస్‌లోనే కాబట్టి టైము చిక్కు లేదు, రాత్రి తొమ్మిది తర్వాత ఎప్పుడైనా చేయమను. పిల్లకి నా తరఫున శుభాకాంక్షలు చెప్పు, ఈసారి గొంతు తగ్గించకుండా.

నీ
రమణ