రాళ్ళ మీది ఎరుపుకు పేరు చెప్పిన మేడమ్‌కు

చేతులకు చేపల ట్యాంకు నీళ్ళ వాసన ఇంకా పోలేదు. తొమ్మిది రోజులుగా సరైన నిద్ర లేదు. ఇవాళ పొద్దున అమ్మోనియా టెస్టులో సున్నా వచ్చింది, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవడం మానేశాయి. పడుకునేముందు ఈ థాంక్స్ రాయకపోతే మనసు ఒప్పుకోవడం లేదు.

ట్యాంకు వెనక భాగంలో జావా మాస్ అనే నీటిమొక్క గుబురుగా పెరిగిపోతే కత్తిరించాను. దాని కింద రాళ్ళ మీద ఎర్రటి మచ్చలు కనిపించాయి. ఎండిన రక్తం రంగు, రాయికి పల్చగా పెయింట్ పూసినట్టు. మంచినీళ్ళ ట్యాంకులో నాచు అంటే ఆకుపచ్చ, గోధుమ, మహా అయితే నలుపు చూశాను కానీ ఈ రంగు ఎప్పుడూ చూడలేదు. బ్రష్షు పెట్టి రుద్దితే పోలేదు. భయమేసి మూడొంతుల నీళ్ళు మార్చేశాను, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టి తళతళలాడేలా కడిగాను, మర్నాడు మళ్ళీ అదే పని. మూడో రోజుకు రెండు టెట్రా చేపలు చచ్చి తేలాయి. ఇక ఆ ఎరుపే విషమని నాకు ఖాయమైపోయింది.

తెలిసినవాళ్ళందరికీ ఫోటోలు పంపాను. ఒకరు యాంటీబయాటిక్ వేయమన్నారు, ఒకరు రాళ్ళను బ్లీచ్‌లో నానబెట్టమన్నారు, ఇంకొకరు మొత్తం ఖాళీ చేసి కొత్తగా మొదలుపెట్టమన్నారు. అసలు ఇదేమిటని ఒక్కరూ అడగలేదు. ఆ ఫోటో చేతులు మారి మారి ఎవరి ద్వారానో మేడమ్ దాకా వెళ్ళింది. వాగుల్లో పెరిగే నాచుల మీద చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయిన ఆవిడ. నేనెవరో ఆమెకు తెలియదు. ఫోన్ చేసి అన్న మొదటి మాట, "నాయనా, ముందు మందులేవీ వేయకు. గోటితో గీకి చూడు. పొరలా ఊడొస్తోందా, పొడిలా రాలుతోందా, అసలు కదలడమే లేదా?"

కదలడం లేదన్నాను. అక్కడినుంచి ఒక్కొక్కటే అడుగుతూ వచ్చారు. చేత్తో తుడిస్తే పోయే గోధుమ దుమ్ము అయితే డయాటమ్‌లనే సూక్ష్మ నాచు. జారుడుగా, పొరలు పొరలుగా లేచి, మురుగు వాసన వస్తే సయనోబాక్టీరియా. అది అసలు నాచే కాదు, బాక్టీరియా, ఒక్కోసారి ఎర్రగా కూడా ఉంటుందట, అందుకే వాసన చూడమన్నారు. వాసన లేదు. ఒక రాయి బయటికి తీసి ఆరబెట్టి మచ్చ మీద వెనిగర్ చుక్క వేయమన్నారు. నురగ రాలేదు. సముద్రపు ట్యాంకుల్లో రాళ్ళకు పట్టే కోరలైన్ నాచులో సున్నం ఉంటుంది కాబట్టి నురగ వస్తుంది, ఇది అది కాదన్నమాట. పక్కనే కొయ్య మీద ఉన్న నల్లటి కుచ్చు నాచును కొంచెం తీసి సర్జికల్ స్పిరిట్‌లో వేయించారు. కాసేపటికి నలుపు పోయి ఎర్రగా తేలింది! పచ్చదనం స్పిరిట్‌లోకి దిగిపోయి లోపలి ఎరుపు మిగిలిందట, పైకి నల్లగా కనిపించే అది కూడా ఎర్ర నాచుల కుటుంబమేనట. ఇన్నేళ్ళుగా ట్యాంకు పెట్టుకుని ఈ సంగతి నాకు తెలియదు.

చివరికి బ్లేడుతో గీకిన పొడిని మైక్రోస్కోప్ కింద పెట్టి, ఐపీస్‌కు ఫోన్ ఆనించి ఫోటో తీసి పంపాను. గచ్చు మీద పలకలు పరిచినట్టు చిన్న చిన్న కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. మేడమ్ ఒక కాగితం మీద అవే కణాలను పై నుంచి చూస్తే ఎలా ఉంటాయో, నిలువుగా కోస్తే ఎలా ఉంటాయో పెన్సిల్‌తో గీసి పంపారు. ఇది హిల్డెన్‌బ్రాండియా అనే ప్రజాతి (జీనస్), అందులో ఏ జాతి (స్పీషీస్) అన్నది మాత్రం ఇంతటితో చెప్పలేను అన్నారు. ఎర్ర నాచుల్లో 100కి 90కి పైగా సముద్రంలోనివే, మంచినీళ్ళలో ఉండే కొద్దిపాటి వాటిలో ఇదొకటి. దానిలోని ఫైకోఎరిత్రిన్ అనే రంగు పదార్థం వల్ల తక్కువ వెలుగులోనూ బతుకుతుంది, చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అంటే నేను మాస్ కత్తిరించిన రోజు పుట్టింది కాదు, ఆ నీడలో ఎప్పటినుంచో ఉన్నదే. చేపలకు దానివల్ల ఏ హానీ లేదు.

ఇదంతా కూడా ఒక ఎత్తు. నాలుగో రాత్రి పదకొండు దాటాక, ఆ పేరు ఇంకా తేలకముందు, ఆమె ఉన్నట్టుండి "ఫిల్టర్ ఎలా కడిగావు?" అని అడిగారు. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తిడతారనుకున్నాను. కుళాయి నీళ్ళలోని క్లోరిన్‌కు స్పాంజిలో ఉండి చేపల వ్యర్థాల అమ్మోనియాను తినేసే మంచి బాక్టీరియా చచ్చిపోయి ఉంటుంది, అమ్మోనియా పెరిగి ఉంటుంది, టెస్టు చెయ్యి అన్నారు. 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) వచ్చింది, సున్నా ఉండాల్సింది. నా చేపల్ని చంపింది ఆ ఎరుపు కాదు, నేను. నాకు మాట రాలేదు. "ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది నాయనా" అన్నారు. ఇప్పుడు క్లోరిన్ తీసిన నీళ్ళతో మూడో వంతు మార్చు, మేత ఆపు, పొద్దున మళ్ళీ చూద్దాం అన్నారు. నేను రాత్రంతా ట్యాంకు దగ్గరే కూర్చుంటానంటే ఒప్పుకోలేదు. "నువ్వు పడుకో, ఐదింటికి నేను లేపుతాను" అన్నారు. సరిగ్గా ఐదింటికి ఫోన్ మోగింది. మర్నాడు కూడా మోగింది. ముఖం కూడా చూడని మనిషి ఇంటి చేపల కోసం ఆ వయసులో తెల్లవారుజామున లేచి ఫోన్ చేశారు. బకెట్టు పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చేశాను.

మా ఆవిడ, తమ్ముడు నీళ్ళు మోశారు, టార్చ్ పట్టారు. వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

కానీ ఒక్క మాట అనకుండా ఉండలేను. నాచు చంపే మందుల సీసాల మీద "అన్ని రకాలకూ" అని పెద్ద అక్షరాలతో రాస్తారు, లోపల ఏముందో నేను తెచ్చిన సీసా మీద ఎంత వెతికినా కనిపించలేదు. అమ్మినవాళ్ళూ అడగలేదు, ట్యాంకులో ఏమేం ఉన్నాయని. గుర్తుపట్టి చెప్పండని ఒకటి రెండు ల్యాబ్‌లకు ఫోన్ చేస్తే ఇళ్ళలోని శాంపిల్స్ మేం తీసుకోము అన్నారు. మరి మామూలు మనిషి ఎవరిని అడగాలి? మేడమ్ లాంటివాళ్ళు తగలకపోతే బ్లీచే గతా?

అన్నట్టు, ఆ సీసా మూత తీసేలోగా "అందులో రాగి ఉంటే నీ రొయ్యలూ నత్తలూ ఒక్కటీ మిగలవు" అని ఆపిన మిత్రుడికి చాలా థాంక్స్. మైక్రోస్కోప్ ఇచ్చిన పక్కింటి పాపకు కూడా, స్లైడు ఒకటి పగలగొట్టాను, కొత్తది ఇస్తానమ్మా.

అయ్యో, అసలైనది మర్చిపోయాను. తన ట్యాంకులో నడుస్తున్న ఫిల్టర్‌లోంచి సగం స్పాంజి కోసి, ఆరిపోకుండా అదే నీళ్ళలో ముంచి డబ్బాలో పెట్టి రాత్రికి రాత్రి తెచ్చిచ్చిన అన్నా, అమ్మోనియా ఇంత త్వరగా దిగిందంటే నీ స్పాంజి వల్లే. నీ డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది.